పలుపు లేని నడక

కుక్క తోక వంకర అని మనకొక సామెత ఉన్నది. ఎంత సవరించినా మారని స్వభావాన్ని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు దాన్ని వాడుతుంటాము. తోక విషయంలో అది నిజమే కావచ్చు. కాని నడక సంగతి వేరు. కుక్క నడకను దిద్దవచ్చు. మెడకు గొలుసు గాని పలుపు గాని లేకుండా, యజమాని కాలి పక్కనే, అతడు నడిస్తే నడుస్తూ, నిలిస్తే నిలుస్తూ, ముందుకు దూకకుండా, వెనుకబడకుండా వచ్చేటట్లు దానికి నేర్పవచ్చు. ఆ నేర్పు ఎట్లా అలవడుతుంది, కర్నూలు కడప జిల్లాల వంటి మెట్టప్రాంతంలో దాని అవసరం ఏమిటి, ఎంత నేర్చిన కుక్కకైనా ఎక్కడ పలుపు తీయకూడదు అన్న మూడు విషయాలను ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

మన ప్రాంతంలో రెండు దృశ్యాలు తరచు కంటబడుతుంటాయి. పట్టణంలో ఒక గృహస్థు తెల్లవారుజామున కుక్కను వెంటబెట్టుకొని వాహ్యాళికి బయలుదేరుతాడు. వెంటబెట్టుకొని అనడం మాటవరసకే. నిజానికి కుక్క ముందు, ఆయన వెనుక. గొలుసు బిగుసుకొని ఉంటుంది. కుక్క మెడ రాచుకొని దగ్గుతూ లాగుతుంది. ఆయన చేయి నొప్పి పెట్టి విసుక్కుంటాడు. వీధి మలుపు తిరిగేసరికి ఇద్దరికీ ఆయాసమే మిగులుతుంది.

రెండవది ఊరి బయటి దృశ్యం. కోత అయిపోయిన చేలలో గొర్రెల మంద సాగిపోతూ ఉంటుంది. భుజాన గొంగడి, చేతిలో కర్రతో కాపరి నడుస్తుంటాడు. ఆయనకు కొంచెం ఎడంగా ఒక నాటు కుక్క వస్తూ ఉంటుంది. దాని మెడకు తాడు లేదు. దాన్ని ఎవరూ అదిలించడం లేదు. ఆయన చెట్టు నీడన నిలిస్తే అదీ నిలుస్తుంది. లేచి కదిలితే అదీ లేచి కదులుతుంది. రాత్రి మంద పొలంలో పడుకున్నప్పుడు తోడేలో నక్కో వస్తే పసిగట్టి మొరుగుతుంది గాని, కాళ్ళ సందున తిరిగే గొర్రెపిల్లలను కన్నెత్తి చూడదు.

పట్టణపు కుక్కకు మేలుజాతి పేరు ఉండవచ్చు, ఖరీదైన తిండి ఉండవచ్చు. కాపరి కుక్కకు ఆ రెండూ లేవు. మరి దాన్ని పట్టి ఉంచినది ఏమిటి? పలుపు మెడను మాత్రమే పట్టుకోగలదు. దృష్టిని పట్టుకోలేదు. కాపరి కుక్క దృష్టి ఎప్పుడూ కాపరి మీద ఉంటుంది. ఆయన ఎటు పోతున్నాడో గమనించుకుంటూ ఉండడం దానికి జీవితంలో భాగమయినది. మనం నేర్పవలసిన విద్య అంతా ఇదే. ముందు దృష్టి కుదరవలె. పలుపు తీయడం ఆ తరువాతి మాట.

కాపరి కుక్కకు ఈ అలవాటు ఎక్కడినుండి వచ్చినదో చూద్దాము. అది మందలో పుట్టి మందలోనే పెరుగుతుంది. కళ్ళు తెరిచిన నాటినుండి గొర్రెల వాసన, కాపరి గొంతు, గొంగడి వెచ్చదనం దానికి తెలుసు. తల్లి కుక్క కాపరి వెంట నడుస్తుంటే పిల్ల తల్లి వెంట నడుస్తుంది. రోజుకు కొన్ని మైళ్ళు ఆ విధంగా నడిచిన పిల్లకు, మనిషి వెంట పోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక గ్రంథం ప్రకటించారు. పుట్టిన మూడవ వారం మొదలు సుమారు పన్నెండవ వారం వరకు కుక్కపిల్ల ఎవరి నడుమ పెరుగుతుందో వారినే తనవారుగా ఎంచుకుంటుందని వారు నిరూపించారు. మన కాపరులు గ్రంథం చదవకుండానే ఈ సంగతి గ్రహించి ఆచరణలో పెట్టుకున్నారు.

ఇంటి కుక్కకు ఈ అదృష్టం సాధారణంగా దొరకదు. దాన్ని పగలంతా వాకిట్లో గుంజకు కట్టి ఉంచుతాము. రోజుకొక పావుగంట బయటికి తీసుకొని పోతాము. ఇరవై మూడు గంటలు కట్టుబడి ఉన్న ప్రాణి ఆ పావుగంటలో లోకాన్నంతా ఒక్కసారి చూడాలని లాగడంలో ఆశ్చర్యమేమున్నది? 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ఈ సంగతిని కూడా పట్టించుకున్నది. మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువయిన గొలుసుతోనో జంతువును చాలాసేపు కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన నడక కల్పించకపోవడం ఆ చట్టం ప్రకారం నేరాలే. కాబట్టి కుక్కను నడిపించడం వేడుక కోసం చేసే పని కాదు. పెంచుకున్నవారి విధి.

అయితే కట్టి ఉంచడం తప్పు కనుక విప్పి వదిలివేద్దామా అంటే, మన ప్రాంతంలో అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి లేదు. ఇక్కడి నేలకు కంచెలు తక్కువ. చేను దాటితే బీడు, బీడు దాటితే గుట్ట. ఆ బీళ్ళలో గొర్రెలు మేస్తుంటాయి. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలున్నాయి. దేశంలో తెలంగాణ తరువాత రెండవ స్థానం మనదే. వానలు కురవని ఏడు చేను ఎండిపోయినా మంద ఉన్న కుటుంబం ఎట్లాగో గడుపుకొని వస్తుంది. అటువంటి మంద మీదికి ఒక ఇంటి కుక్క ఆటగా ఉరికినదనుకోండి. కరవనైనా కరవకపోవచ్చు. బెదిరిన గొర్రెలు పరుగెత్తి బావిలోనో వంకలోనో పడవచ్చు. చూలుతో ఉన్నవి ఈచుకొనిపోవచ్చు. కాపరి కర్రో రాయో విసిరితే కుక్క ప్రాణం పోవచ్చు. అతడిని తప్పుపట్టడానికి కూడా వీలులేదు. ఒక్క నిమిషపు ఆట రెండు ఇళ్ళకు దుఃఖం తెచ్చిపెడుతుంది.

గొర్రెలకు కాపరి ఉన్నాడు. కాపరి లేని ప్రాణులు కూడా మన బీళ్ళలో బతుకుతున్నాయి. నందికొట్కూరు ప్రాంతంలోని రోళ్ళపాడు గడ్డిమైదానాన్ని 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. బట్టమేక పక్షిని కాపాడుకోవడం దాని ఉద్దేశం. ఆ పక్షి గూడు కట్టదు. ఉత్త నేల మీద ఒక్క గుడ్డు పెడుతుంది. ఇప్పుడు అది అక్కడ దాదాపు కనుమరుగయినది. కృష్ణజింకలు, తోడేళ్ళు ఇంకా ఉన్నాయి. అట్లాగే 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయినదని అందరూ అనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా పొదలలో మళ్ళీ కనిపించి లోకాన్ని ఆశ్చర్యపరచినది. అదీ నేలను నమ్ముకొని బతికే పక్షే. ఇటువంటి చోట ఒక కుక్క విచ్చలవిడిగా పరుగెత్తితే గుడ్లు పోతాయి, జింకపిల్లలు పోతాయి, కుక్కలకు వచ్చే జబ్బులు తోడేళ్ళకు అంటుకుంటాయి. అభయారణ్యంలోకి కుక్కను అసలు తీసుకొని పోరాదు. దాని పొలిమేర పల్లెలలో ఉన్నవారు కుక్కను కాలి పక్కన ఉంచుకోగలగడం ఆ ప్రాణులకు ఎంతో మేలు.

ఇక శిక్షణకు వద్దాము. ముందుగా కుక్క ఎందుకు లాగుతుందో తెలుసుకోవలె. మనిషి మామూలుగా నడిస్తే గంటకు నాలుగయిదు కిలోమీటర్లు నడుస్తాడు. కుక్కకు ఆ నడక చాలా నిదానం. దాని సహజమయిన దుడుకు నడక మన నడకకంటే వేగమయినది. పైగా మనకు కనిపించని లోకమొకటి దాని ముక్కుకు తెలుస్తూ ఉంటుంది. రాత్రి ఏ పిల్లి ఈ గోడ పక్కగా పోయినదో, పక్కవీధి కుక్క ఎప్పుడు వచ్చి వెళ్ళినదో అంతా వాసనలో ఉన్నది. కాబట్టి లాగే కుక్క పొగరుబోతు కాదు. మన అడుగుకు తన అడుగును తగ్గించుకొమ్మని అడగడమంటే దాన్ని ఒక కష్టమయిన పని చేయమనడమే. కష్టమయిన పనికి కూలి ఇవ్వడం న్యాయం.

కూలి అన్నది హాస్యానికి కాదు. ఏ పని చేస్తే మేలు కలిగినదో ఆ పనిని ప్రాణి మళ్ళీ చేస్తుందని అమెరికా శాస్త్రజ్ఞుడు థారన్‌డైక్ 1898లో పిల్లులతో చేసిన ప్రయోగాలలో చూపించాడు. తరువాత స్కిన్నర్ అనే ఆయన 1951లో ఒక వ్యాసం రాసి, ఇంటివద్ద జంతువులకు ఎట్లా నేర్పవచ్చునో సామాన్యులకు తెలిసేటట్లు వివరించాడు. అందులో ముఖ్యమయినది సమయం. మెచ్చదగిన పని చేసిన క్షణంలోనే ఫలం అందవలె. రెండు మూడు క్షణాలు ఆలస్యమయితే ఆలోపల కుక్క మరేదో చేసి ఉంటుంది. ఆ ఫలం దాని ఖాతాలో పడుతుంది. తాయిలం వెంటనే అందించడం కుదరనప్పుడు ‘భళా’ అనే ఒక చిన్న మాటను గుర్తుగా పెట్టుకొని, ఆ మాట అన్న ప్రతిసారీ తాయిలం ఇస్తూ వస్తే, కొన్నాళ్ళకు ఆ మాటకే బలం వస్తుంది.

తాయిలం పెద్దదిగా ఉండనవసరం లేదు. శనగగింజంత చాలు. ఉడికించిన కోడిగుడ్డు ముక్క, ఉప్పు వేయని మాంసపు తునక, జొన్నరొట్టె ముక్క, ఉప్పు లేని వేరుశనగ గింజ వంటివి పనికివస్తాయి. ఉల్లిపాయ మాత్రం తగలకూడదు. కర్నూలు ఉల్లికి ఎంత పేరున్నా కుక్క రక్తానికి అది విషం. మనం తినే కూరలో ఉల్లి, కారం రెండూ ఉంటాయి కనుక కంచంలో మిగిలినది తాయిలంగా పెట్టకూడదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాకొలెట్టు కూడా ప్రమాదకరమే. తాయిలం పెట్టిన మేరకు పూట తిండి కొంచెం తగ్గిస్తే కుక్క బరువెక్కదు.

మొదటి పాఠం ఇంటి వసారాలోనే. పలుపు లేదు, నడక లేదు. పేరు పెట్టి పిలవండి. కుక్క మీ ముఖం వైపు చూసిన క్షణంలో భళా అని తాయిలం ఇవ్వండి. ఇంకేమీ అడగవద్దు. రోజుకు రెండు పూటలు, పూటకు అయిదు నిమిషాలు చాలు. అంతకు మించితే దానికి విసుగు, మీకు కోపం వస్తాయి. వారం పదిరోజులలో పేరు వినగానే తల తిప్పి మీ కళ్ళలోకి చూడడం దానికి అలవాటవుతుంది. ఇందాక చెప్పిన దృష్టి ఇదే. ఇది కుదరకుండా తరువాతి పాఠానికి పోవడం పునాది లేకుండా గోడ కట్టడం వంటిది.

రెండవ పాఠం చోటు. కుక్క ఏ పక్కన నడవవలెనో ముందే నిర్ణయించుకోండి. చాలామంది ఎడమ పక్కను ఎంచుకుంటారు. ఏ పక్క అయినా ఒకటే పక్క కావలె. ఆ పక్క చేతిలో తాయిలం పట్టుకొని, మీ మోకాలి దగ్గరికి కుక్క వచ్చి నిలిచినప్పుడు అక్కడే ఇవ్వండి. తాయిలం ఎక్కడ దొరుకుతుందో కుక్క అక్కడే ఉండాలనుకుంటుంది. మీ ముందు నిలబెట్టి ఇస్తే అది ఎప్పుడూ మీ దారికి అడ్డం వస్తుంది. మోకాలి పక్కన ఇస్తే మోకాలి పక్కనే ఉంటుంది. చాలామంది శిక్షణ ఈ చిన్న విషయం దగ్గరే చెడిపోతుంది.

మూడవ పాఠంలో మూడే అడుగులు. ‘వెంట’ అని ఒక్కసారి చెప్పి కదలండి. మూడు అడుగులు మీ పక్కన వేసినదా, భళా, తాయిలం. మళ్ళీ మూడు. మరునాడు అయిదు. తరువాత పది. మధ్య మధ్య ఒక్కొక్కసారి రెండు అడుగులకే ఇవ్వండి. ప్రతిసారీ పెంచుకుంటూనే పోతే ఈ పని రోజురోజుకూ కష్టమే అవుతుందని కుక్క నిరుత్సాహపడుతుంది. వెంట అన్న మాటనే వాడాలన్న నియమమేమీ లేదు. ఇంగ్లీషు మాటలు వాడితేనే కుక్క వింటుందన్నది భ్రమ. దానికి భాష లేదు, శబ్దమే ఉన్నది. కాని ఇంట్లో అందరూ ఒకే మాట వాడవలె. తండ్రి ‘వెంట’ అని, కొడుకు ‘పక్క’ అని, అవ్వ ‘రారా నాయనా’ అని పిలిస్తే కుక్క మూడు పాఠశాలలలో ఒకేసారి చేరిన విద్యార్థి అవుతుంది.

ఇప్పుడు వాకిలి దాటవచ్చు. ఇక్కడ పలుపు కావలె. మెత్తని నూలు పలుపు, రెండు వేళ్ళు దూరేంత వదులుగా ఉన్న మెడపట్టె చాలు. మెడను బిగించే ఉచ్చుగొలుసులు, ముళ్ళ పట్టెలు వద్దు. పలుపు ఎప్పుడూ జారుగా వేలాడుతూ ఉండవలె. కుక్క ముందుకు లాగినదా, మీరు వెనుకకు గుంజవద్దు. చెట్టువలె నిలిచిపోండి. లాగితే లోకం ఆగిపోతుంది. తిరిగి చూసి పలుపు వదులు చేసినదా, వెంటనే కదలండి. ముందుకు సాగడమే అప్పుడు దానికి బహుమానం. మొదటి రోజులలో వీధి చివరికి పోవడానికి అరగంట పట్టవచ్చు. దూరం లెక్కపెట్టవద్దు. ఒక పూట లాగనిచ్చి, ఒక పూట ఆపితే లాగుడే అలవాటుగా నిలుస్తుంది.

నడక కుదిరిన తరువాత మలుపులు నేర్పండి. కుడికి తిరగడం, ఎడమకు తిరగడం, వెనుకకు మళ్ళడం, వేగం పెంచడం, తగ్గించడం, ఉన్నట్టుండి నిలవడం. మీ నడక ఎప్పుడు మారుతుందో తెలియదు కనుక కుక్క మిమ్మల్ని గమనిస్తూ ఉంటుంది. దీనితోపాటు ‘పో’ అనే విడుదల మాటను కూడా నేర్పండి. నూరు అడుగులు చక్కగా నడిచిన కుక్కకు ‘పో’ అని చెప్పి, చెట్టు మొదలు వాసన చూసుకోనివ్వండి. దానికి గుడ్డు ముక్కకంటే అదే ఎక్కువ ఇష్టం కావచ్చు. విడుదల ఉన్నదని తెలిసిన కుక్క కట్టుబాటును సంతోషంగా ఒప్పుకుంటుంది.

వీటన్నిటికంటే ముఖ్యమయిన మాట ‘రా’. పలుపు లేనప్పుడు కుక్కకూ మీకూ మధ్య ఉండేది ఆ ఒక్క మాటే. రా అన్నప్పుడు వచ్చిన కుక్కను ఏ కారణం చేతనూ తిట్టరాదు, కొట్టరాదు. పక్కింటి కోడిని తరిమి వచ్చినా సరే. కోడిని తరిమినందుకు కొట్టామని మనం అనుకుంటాము. వచ్చినందుకు కొట్టారని కుక్క అనుకుంటుంది. ఇంకొకసారి పిలిస్తే అది దూరంగా నిలబడి ఆలోచిస్తుంది. రా అని పిలిచి స్నానం చేయించడం, కట్టివేయడం వంటి దానికి ఇష్టం లేని పనులు కూడా చేయవద్దు. వాటికోసం మీరే దాని దగ్గరికి పొండి.

ఇక్కడ దండన సంగతి చెప్పవలసి ఉన్నది. బెత్తం లేనిదే విద్య రాదని నమ్మేవారు మనలో ఇంకా ఉన్నారు. కుక్క విషయంలో కొట్టడం దయలేని పని మాత్రమే కాదు, మనం సాధించదలచిన పనికి విరుద్ధం కూడా. కొట్టి నేర్పిన కుక్క కర్ర చేతిలో ఉన్నంతసేపు, పలుపు మెడలో ఉన్నంతసేపు పక్కనే నడుస్తుంది. పలుపు తీసిన రోజున అది ఎవరికి భయపడుతున్నదో వారికి దూరంగా పోవడం సహజం. భయం వల్ల వచ్చిన నడకకు పలుపు ఎప్పటికీ కావలసినదే. మీ పక్కన ఉండడమే మేలని తెలుసుకున్న కుక్కకు మాత్రమే పలుపు అవసరం తీరుతుంది.

ఇప్పుడు పలుపు తీయడమెట్లాగో చూద్దాము. ఒక్కసారిగా తీయకూడదు. ముందు పది మీటర్ల పొడవుగల తేలిక తాడు కట్టి నేల మీద ఈడ్చుకుంటూ పోనివ్వండి. మీ చేతిలో ఏమీ లేదని కుక్కకు తెలుసు. కాని అవసరమయితే మీరు తాడు చివర తొక్కి ఆపగలరు. ఈ తాడుతోనే దూరంగా కోళ్ళు, తరువాత మేకలు, తరువాత ఇతర కుక్కలు కనిపించే చోట్ల నడిపించండి. మొదట చాలా దూరం నుండి, పోను పోను దగ్గరగా. మేకను చూసి మళ్ళీ మీ ముఖం చూసినదా, దానికి ఆనాటి పెద్ద తాయిలం ఇవ్వవలసిన క్షణం అదే. ఒకేచోట పదిసార్లు పిలిస్తే పదిసార్లూ వచ్చేవరకు ఆ తాడు ఉండవలసినదే. తొమ్మిదిసార్లు వచ్చే కుక్కకు పదవసారి ప్రమాదం. ఇది కొన్ని కుక్కలకు కొన్ని వారాలు, మరికొన్నిటికి కొన్ని నెలలు పట్టే పని. వేట రక్తం ఎక్కువగా ఉన్న కుక్కలలో కొన్ని జీవితాంతం తాడుతోనే నడవవలసి రావచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

తాడు పూర్తిగా తీసే మొదటి రోజున చుట్టూ గోడో కంచెనో ఉన్న చోటు ఎంచుకోండి. కంచె ఉన్న చీనీతోట అయితే సొంతదారుని అనుమతితో చక్కగా సరిపోతుంది. అక్కడ పొరపాటు జరిగినా నష్టం లేదు. తరువాత, మందలు రాని వేళ చూసుకొని ఖాళీ పొలంలోకి పోవచ్చు. కె.సి. కాలువ గట్టు వంటి చోట్ల నీరు నిండుగా పారే రోజులలో పలుపు తీయకండి. గట్టు ఏటవాలుగా ఉంటే పడిన కుక్క తనంతట తాను ఎక్కిరాలేదు.

మన ఎండల సంగతి కూడా మరువరాదు. వేసవిలో ఇక్కడ నలభై డిగ్రీలు దాటడం మామూలు. మనకు ఒళ్ళంతా చెమట పోస్తుంది. కుక్క నాలుక చాపి ఒగర్చడం ద్వారానే ముఖ్యంగా వేడిని పోగొట్టుకుంటుంది. మన ఇళ్ళ ముందు పరచిన బేతంచెర్ల బండలు, కడప నాపరాళ్ళు మధ్యాహ్నానికి పెనాలవుతాయి. చేతి వెనుకభాగాన్ని బండ మీద ఆనించి అయిదు అంకెలు లెక్కపెట్టండి. ఓర్చుకోలేకపోతే కుక్క పాదాలకూ అది తగదు. కాబట్టి వేసవిలో శిక్షణ అంతా సూర్యోదయానికి ముందే ముగించవలె. బండలు సాయంత్రం చాలాసేపటివరకు వేడిని విడవవు కనుక ఉదయమే మేలు. వెంట నీళ్ళు తీసుకొని పొండి. ఇంటికి రాగానే వేళ్ళ సందులు చూసి పల్లేరుగాయలు, తుమ్మముళ్ళు తీయండి. చెవుల వెనుక పిడుదులు ఉన్నవేమో వెదకండి. చక్కగా నడిచే కుక్క ఒకనాడు హఠాత్తుగా వెనుకబడితే అది మొండితనమని తొందరపడి అనుకోవద్దు. ముందు పాదం ఎత్తి చూడండి.

ఇంత నేర్చిన కుక్కను బజారులో పలుపు లేకుండా నడిపించవచ్చునా అని అడుగుతారు. కూడదనే నా సమాధానం. మోటారు సైకిళ్ళు దూసుకొనిపోయే వీధిలో, పెళ్ళి ఊరేగింపులో టపాకాయలు పేలే వేళలో ఎంత నమ్మకమయిన కుక్క అయినా ఒక్క క్షణం బెదరవచ్చు. ఎదుట వచ్చే ముసలమ్మకు గాని, బడికి పోయే పిల్లవాడికి గాని మీ కుక్క మంచిదని తెలియదు. వారి భయాన్ని గౌరవించడం మన మర్యాద. వీధిలో పలుపు ఉండనివ్వండి. కాని నేర్చిన కుక్క మెడలో ఆ పలుపు జారుగా వేలాడుతూ ఉంటుంది. అది ఇతరుల నిశ్చింత కోసం ఉన్నదే గాని కుక్కను ఈడ్చడానికి కాదు.

పలుపు తీయదలచిన ప్రతివారూ ముందు చేయవలసిన పని మరొకటి ఉన్నది. కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఆపైన పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా మళ్ళీ వేయించవలె. ఫ్రాన్సులో పాశ్చర్ 1885లో తొలిసారిగా పిచ్చికుక్క కరచిన బాలుడిని టీకాతో కాపాడాడు. దక్షిణాదిలో కూనూరు పాశ్చర్ సంస్థ 1907లో వెలసినది. ఇంతకాలం గడచినా ఈ వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ఎవరూ బతకరు. కుక్క కరచినా గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవలె. కారం అద్దడం, సున్నం పూయడం, ఆకుపసరు పిండడం ప్రాణానికి ముప్పు తెచ్చే పనులు.

ఈ శిక్షణకు మేలుజాతి కుక్క కావాలని ఎవరూ అనుకోవద్దు. మన వీధిలో పుట్టిన నాటు కుక్క ఈ ఎండకు, ఈ నేలకు తగిన శరీరంతో పుట్టినది. మనిషి ముఖం చూసి మనసు కనిపెట్టడంలో అది ఎవరికీ తీసిపోదు. పెద్ద కుక్క కూడా నేర్చుకుంటుంది. కుక్కపిల్లకంటే కొంచెం ఎక్కువ ఓపిక కావలె, అంతే.

మహాప్రస్థాన కథ మనందరికీ తెలిసినదే. హస్తినాపురం విడిచిన పాండవుల వెంట ఒక కుక్క బయలుదేరినది. దాన్ని ఎవరూ కట్టలేదు, ఎవరూ పిలవలేదు. ద్రౌపది, తమ్ములు ఒక్కొక్కరే పడిపోయిన తరువాత ధర్మరాజు వెంట అదొక్కటే మిగిలినది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమంటే ధర్మరాజు ఒప్పుకోలేదు. నమ్మి వెంట వచ్చినదాన్ని విడువనన్నాడు. ఆ కథలో కుక్క ఎంత కట్టుబడి నడిచినదో, రాజు కూడా దానికి అంత కట్టుబడి నిలిచాడు. మన ఇంటి కుక్కకూ ఇదే వర్తిస్తుంది. పలుపు తీసినప్పుడు దాని బరువు మన మీద పడుతుంది. దాని వైపు మనం దృష్టి ఉంచకుండా మన వైపు అది దృష్టి ఉంచవలెనని కోరడం కుదరదు. నడకలో పక్కవారితో ముచ్చట్లలో మునిగి కుక్కను మరచినవాడు, అది ఎటో పోయినదని దాన్ని నిందించే హక్కు కోల్పోయినట్లే.

రేపు తెల్లవారుజామున, ఎండ రాకముందే, నాలుగు గుడ్డు ముక్కలు చేతిలో పట్టుకొని మీ వాకిట్లోనే మొదలుపెట్టండి. పేరు పెట్టి పిలవండి. మీ ముఖం వైపు చూడగానే ఒక ముక్క ఇవ్వండి. మొదటి రోజుకు అంత చాలు.